ముల్లు మధ్యలోనే ఉంది, గేర్‌బాక్స్ ఉడికిపోయింది

ఘాట్ రోడ్డు చివరి మలుపు దాటగానే వాసన వచ్చింది. క్లచ్ మాడిన వాసన కాదు. అది నాకు బాగా తెలుసు, మాన్యువల్ బండ్లు నడిపిన రోజుల్లో చాలాసార్లు పీల్చాను. ఇది వేరు, పాత నూనె పొయ్యి మీద మర్చిపోతే వచ్చే వాసన లాంటిది. వెనక సీట్లోంచి "ఏదో మాడుతోంది" అన్నారు. డాష్‌బోర్డు చూశాను. ఇంజిన్ టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే సరిగ్గా మధ్యలో ఉంది. ఏ లైటూ వెలగలేదు. "ముందెళ్ళే లారీదై ఉంటుంది" అన్నాను. మా ముందు లారీ ఏదీ లేదు.

పైకి చేరాక పార్క్ చేయడానికి రివర్స్ వేశాను. లివర్ పడింది, బండి కదల్లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు అలాగే ఉండి, వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఒక్క కుదుపుతో కదిలింది. కిందికి దిగేటప్పుడు మూడో గేరు నుంచి రెండోదానికి మారే చోట ఇంజిన్ ఒక్కక్షణం వట్టినే రొద పెట్టి, తర్వాత పట్టు దొరికించుకుంది. ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ, గంటకు పైగా ఏకధాటిగా ఎక్కుడు. బండి వయసు పదేళ్ళు దాటింది, నాలుగు గేర్ల పాతరకం ఆటోమేటిక్. గేర్‌బాక్స్ ఆయిల్ 'జీవితకాలం' వస్తుందని మాన్యువల్‌లో రాసి ఉంది. ఎవరి జీవితకాలమో రాయలేదు.

మెకానిక్ డిప్‌స్టిక్ లాగి తెల్ల కాగితం మీద తుడిచాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ ముదురు గోధుమరంగులో ఉంది, మాడు వాసన కొడుతోంది. "గేర్‌బాక్స్ దింపాల్సిందే సార్" అన్నాడు.

"ఎందుకు కాలింది అన్నా?"

"ఆటోమేటిక్ కదా సార్. పదేళ్ళు నడిచిందంటే అదే ఎక్కువ."

నన్ను ఆపింది ఆ జవాబే. దింపి, లోపలి క్లచ్ ప్లేట్లు మార్చి, సీళ్ళు మార్చి మళ్ళీ ఎక్కించవచ్చు. కానీ కాలడానికి కారణం బండిలోనే ఉంటే కొత్త ప్లేట్లు కూడా అదే దారి పడతాయి. కొంచెం టైమ్ కావాలని చెప్పి బండి ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన చెప్పిందే చివరికి నిజం కావచ్చు, ముందు కారణం తెలియాలి అనుకున్నాను.

ఆ రాత్రి తలకెక్కిన మొదటి సంగతి ఏమిటంటే, నేను పదేళ్ళుగా చూస్తున్న ముల్లు గేర్‌బాక్స్‌ది కానేకాదు. అది ఇంజిన్ కూలెంట్‌ది. గేర్‌బాక్స్ ఆయిల్ ఎంత వేడెక్కిందో చెప్పే మీటరు చాలా కార్లలో ఉండదు. లోపల ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది, కంప్యూటర్ దాన్ని చదువుతూనే ఉంటుంది, మనకు మాత్రం చెప్పదు. పరిస్థితి మరీ విషమించాక ఒక లైటు వెలిగిస్తుంది, కొన్ని బండ్లలో అదీ ఉండదు.

మెకానిక్‌ల దగ్గర ఒక పాత లెక్క ఉంది. ఆయిల్ 80 డిగ్రీల దగ్గర నడిస్తే దాని ఆయుష్షు ఎంతో, అక్కడి నుంచి పెరిగే ప్రతి 11 డిగ్రీలకూ అది సగమవుతుంది. 91కి సగం, 102కి పావు. 115 దాటితే లోపలి భాగాల మీద వార్నిష్ లాంటి పొర కట్టడం మొదలవుతుంది, 125 – 130 మధ్య రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి, 145 దగ్గర క్లచ్ ప్లేట్లు జారతాయి. ఇది పాతకాలపు ఖనిజ నూనెల మీద కట్టిన లెక్క. ఇప్పటి సింథటిక్ ఆయిళ్ళు ఇంకాస్త ఓర్చుకుంటాయి కాబట్టి డిగ్రీలను పట్టుకుని వేలాడక్కర్లేదు. వేడి పెరిగేకొద్దీ ఆయుష్షు కరిగే తీరు మాత్రం నిజం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పళ్ళచక్రాలు అరిగి చచ్చేవి తక్కువ. ఆయిల్ చస్తుంది, తర్వాత సీళ్ళు, సీళ్ళ వెంట ప్లేట్లు.

ఒక స్కానర్ కొన్నాను, డాష్‌బోర్డు కింద సాకెట్‌లో పెట్టి ఫోన్‌తో కలిపే చిన్న రకం. మామూలు యాప్‌లో గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత కనబడలేదు. అన్ని బండ్లకూ ఉమ్మడిగా ఉండే జాబితాలో అది ఉండదు, తయారీదారు సొంత కోడ్ వేసుకోవాలి. దానికే రెండు రోజులు పట్టింది. చివరికి మూడు అంకెలు ఒకే తెర మీద పెట్టుకున్నాను: ఆయిల్ ఉష్ణోగ్రత, ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు), బండి వేగం.

ఊళ్ళో తిరుగుడులో ఆయిల్ 96. హైవే మీద, ఏ బరువూ లేకుండా, 80 కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోతుంటే 104.

నిజానికి నాకు అర్థం కానిది ఈ రెండో అంకె. కొండెక్కేటప్పుడు వేడెక్కితే సరే. సమతలంగా, గాలి బాగా తగిలే రోడ్డు మీద ఊళ్ళో కంటే ఎక్కువ వేడి ఎందుకు? మామూలుగా అయితే తిరగబడి ఉండాలి.

ఇక్కడ టార్క్ కన్వర్టర్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే వేడంతా పుట్టేది ముఖ్యంగా అందులోనే. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య గట్టి లంకె ఉండదు, నూనె ఉంటుంది. ఇంజిన్ ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, అది నూనెను విసురుతుంది, ఆ నూనె ఎదురుగా ఉన్న రెండో రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. ఒక ఫ్యాన్ గాలికి ఎదురుగా పెట్టిన ఇంకో ఫ్యాన్ తిరిగినట్టు. మధ్యలో స్టేటర్ అనే మూడో చక్రం నూనెను మళ్ళించి టార్క్ పెంచుతుంది, బండి కదిలే క్షణంలో దాదాపు రెండింతలు. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజినీర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. కారు కోసం కాదు, ఓడల కోసం. అంత ఇంజినీరింగూ బాగానే ఉంది గానీ, నూనె ద్వారా నడిచే చక్రం తనను తిప్పే చక్రం కంటే ఎప్పుడూ కొంచెం వెనకబడే తిరుగుతుంది. ఆ తేడానే స్లిప్ అంటారు. స్లిప్‌లో పోయిన శక్తి ఎక్కడికీ పోదు, మొత్తం నూనెలోకి వేడిగా దిగుతుంది.

దీనికి విరుగుడే లాకప్. కన్వర్టర్ లోపల ఒక క్లచ్ ఉంటుంది. బండి ఓ వేగం అందుకుని సాఫీగా పోతుంటే కంప్యూటర్ ఆ క్లచ్‌ను పట్టిస్తుంది. అప్పుడు రెండు చక్రాలూ కలిసి ఒక్క ముద్దగా తిరుగుతాయి, స్లిప్ సున్నా అవుతుంది, అక్కడ పుట్టే వేడి దాదాపు ఆగిపోతుంది. ప్యాకర్డ్ కంపెనీ 1949లోనే ఇలాంటిది పెట్టింది. 1970ల చమురు సంక్షోభం తర్వాత మైలేజీ కోసం అందరూ దాని వెంట పడ్డారు, క్రైస్లర్ 1978లో తెచ్చింది. అందుకే నేనూ లాకప్ అంటే పెట్రోలు ఆదా సరుకు అనుకునేవాణ్ణి. గేర్‌బాక్స్‌ను చల్లగా ఉంచేది అదేనని తెలియదు.

మరి నా బండిలో లాకప్ పడుతోందా? కాగితం తీశాను. చక్రం చుట్టుకొలత 1.9 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు, అంటే చక్రం 702 చుట్లు. దాన్ని ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు ముందున్న చివరి గేరు) నిష్పత్తి 3.9తో, నాలుగో గేరు నిష్పత్తి 0.7తో గుణిస్తే సుమారు 1,916. లాకప్ పడితే ఇంజిన్ కూడా అంతే తిరగాలి. నా తెర మీద 2,100 ఉంది. దాదాపు 185 చుట్లు స్లిప్. నూటికి తొమ్మిది పాళ్ళు.

సమతలం మీద 80లో పోవడానికి ఇంజిన్ ఓ 13 కిలోవాట్లు ఇస్తుందనుకుంటే, అందులో ఒక కిలోవాటు పైచిలుకు నూనెను కాచడానికే పోతోంది. ఇస్త్రీ పెట్టె ఒకటి గేర్‌బాక్స్‌లో పెట్టి, స్విచ్చు వేసి, ప్రయాణం పొడుగునా వదిలేసినట్టు. కొండెక్కేటప్పుడు ఇంజిన్ 40 కిలోవాట్లు ఇస్తూ కన్వర్టర్ అందులో ఆరో వంతు తినేస్తే ఆ పెట్టెలు ఆరు దాటతాయి. ఆ లెక్క వేశాక వాసన గురించి ఆశ్చర్యం పోయింది.

లాకప్ పడుతోందో లేదో చూడటానికి స్కానర్ కూడా అక్కర్లేదని తర్వాత తెలిసింది. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, 80లో స్థిరంగా పోతూ యాక్సిలరేటర్ కదల్చకుండా ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. బ్రేకు తగలగానే కంప్యూటర్ లాకప్ వదిలేస్తుంది, ఇంజిన్ ఆర్‌పీఎం ఓ 150 – 200 లేస్తుంది. కాలు తీస్తే కొన్ని క్షణాల్లో మళ్ళీ దిగుతుంది. నేను తాకాను. ఆర్‌పీఎం ముల్లు కదల్లేదు. వదలడానికి అసలు పట్టు ఉంటే కదా.

ఇక్కడ నేను ఒక వారం వృథా చేసుకున్నాను. లాకప్‌ను పట్టించే సొలెనాయిడ్ (కరెంటుతో నడిచే వాల్వు) పోయిందని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని, కనెక్టర్ విప్పి, వైర్లు తడిమి, మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలిచాను. అంతా బాగానే ఉంది. కన్వర్టర్ లోపలి క్లచ్ అరిగిపోయి ఉంటుందని భయపడ్డాను. అదే అయితే గేర్‌బాక్స్ దింపకుండా కుదరదు. కానీ అలా అయితే పీ0741 అనే కోడ్ రావాలి. 'లాకప్ పట్టమన్నాను, పట్టలేదు' అని కంప్యూటర్ చేసే ఫిర్యాదు అది. నాకు ఏ కోడూ లేదు. కోడ్ లేకపోవడం శుభశకునం అనుకుని అక్కడే ఆగిపోయాను. దాన్ని తిప్పి చదవాలని తట్టలేదు: పట్టలేదని కంప్యూటర్ ఫిర్యాదు చేయడం లేదంటే, అసలు అది పట్టమని అడగడమే లేదేమో.

తట్టించింది మా తమ్ముడు. హైవే మీద పక్క సీట్లో కూర్చుని, "ఏంటన్నయ్యా, క్రూజ్ కంట్రోల్ వేసుకోవా?" అన్నాడు.

"అది పనిచేయట్లేదురా."

"ఎప్పట్నుంచి?"

ఎప్పట్నుంచో గుర్తులేదు. ఏడాది అయ్యుండొచ్చు. వేగాన్ని దానంతటదే నిలిపి ఉంచే సరుకే కదా, అంత అవసరమేమీ కాదని వదిలేశాను. కానీ క్రూజ్ కంట్రోల్‌నూ లాకప్‌నూ ఒకేసారి ఆపేసే సంకేతం ఒకటుంది. బ్రేకు మీద కాలుందన్న సంకేతం.

బండి పక్కకు ఆపి స్కానర్‌లో బ్రేకు స్విచ్ స్థితి తెరిచాను. నా రెండు కాళ్ళూ నేల మీద ఉన్నాయి. తెర మీద: బ్రేకు, ఆన్.

బ్రేకు పెడల్ పైన ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ స్విచ్‌లో రెండు జతల కాంటాక్టులు ఉంటాయి. ఒక జత వెనక లైట్లు వెలిగిస్తుంది, రెండోది కంప్యూటర్‌కు కబురు చెబుతుంది. మొదటిది బాగానే పనిచేస్తోంది, కాలు పెడితే లైట్లు వెలుగుతున్నాయి, తీస్తే ఆరుతున్నాయి. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రెండోదాని కాంటాక్టు తుప్పు పట్టి తెరుచుకునే ఉండిపోయింది. కాలు తీసినా కంప్యూటర్‌కు మాత్రం నేను ఏడాది పొడుగునా బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. బ్రేకు తొక్కేవాడికి లాకప్ ఎందుకిస్తుంది? అడగనే లేదు కాబట్టి ఫిర్యాదూ లేదు, లైటూ లేదు. కొత్త బండ్లయితే ఈ రెండు సంకేతాలనూ పోల్చి చూసి తేడా ఉంటే కోడ్ పెడతాయి. నాది అంత తెలివైనది కాదు.

స్విచ్ మార్చడానికి పది నిమిషాలు పట్టింది, అందులో ఎనిమిది స్టీరింగ్ కింద తలకిందులుగా ఇరుక్కుని పడుకోవడానికి.

ఆ సాయంత్రం హైవే మీద 80 అందుకుని కాలు స్థిరంగా పెట్టాను. 2,100 ఉన్న ముల్లు ఒక గేరు మారినంత మెత్తగా 1,920కి జారి అక్కడ నిలబడిపోయింది. బ్రేకు తాకితే లేచింది, వదిలితే దిగింది. చిన్నపిల్లాడిలా ఐదారుసార్లు చేసి చూశాను. ఆయిల్ 104 నుంచి దిగుతూ దిగుతూ 86 దగ్గర ఆగింది. ఒక్క స్విచ్‌కు 18 డిగ్రీలు.

ఇంతటితో కథ సుఖాంతం అనుకున్నాను. మూడో రోజు కొత్త జబ్బు మొదలైంది. 60 – 65 మధ్య, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నప్పుడు, బండి గడగడా వణికేది. టోల్ గేటు ముందు రోడ్డు మీద వరుసగా వేసిన మందపాటి గీతల మీంచి పోతున్నట్టు, ఒకటి రెండు సెకన్లు, తర్వాత మాయం. మొదట స్పార్క్ ప్లగ్ అనుకున్నాను. వణుకుతున్నప్పుడు బ్రేకు తాకి చూస్తే చటుక్కున ఆగిపోయింది. ఇంజిన్ జబ్బయితే బ్రేకుకు లొంగదు. ఇది లాకప్ క్లచ్ పట్టే చోట పట్టీ పట్టక జారుతూ వణకడం. మెకానిక్‌లు జడ్డర్ అంటారు. ఏడాదిగా పనిలేకుండా మాడిన నూనెలో నానిన క్లచ్, పైగా ఆ నూనెలో ఘర్షణను అదుపులో పెట్టే రసాయనాలు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. వణక్క ఏం చేస్తుంది.

కాబట్టి ఆయిల్ మార్చాలి. మార్చే ముందు చాలామంది చెప్పిన భయం ఒకటుంది: పాత గేర్‌బాక్స్‌లో కొత్త ఆయిల్ పోస్తే చచ్చిపోతుంది, పాత నూనెలో కలిసిన ప్లేట్ల పొడే దానికి పట్టు ఇస్తోంది అని. నా అభిప్రాయం చెబుతాను. ఆ పొడి మీద ఆధారపడి నడిచే గేర్‌బాక్స్ ఎలాగూ పోయేదే, ఆయిల్ మార్చిన వారంలో పోతే నింద ఆయిల్ మీద పడుతుంది. అయినా మెషిన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేయించడానికి నాకు ధైర్యం చాల్లేదు. అడుగున ఉన్న మడ్డిని కదిపి వాల్వుల్లోకి పంపడం ఎందుకని, డ్రెయిన్ విప్పి వచ్చినంత తీసి, తీసినంత పోసే పద్ధతి ఎంచుకున్నాను.

ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. మొత్తం ఆయిల్ 8 లీటర్లయితే డ్రెయిన్‌లో వచ్చేది మూడున్నర. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో దాక్కుంటుంది. ఒకసారి మారిస్తే పాతది 56 శాతం మిగులుతుంది, రెండోసారికి 32, మూడోసారికి 18. మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మూడుసార్లు మార్చాను. మొదటిసారి పాన్ (గేర్‌బాక్స్ అడుగున నూనె నిలిచే తొట్టి) విప్పి ఫిల్టర్ కూడా మార్చాను. పాన్ అడుగున అయస్కాంతం ఉంటుంది, విప్పగానే ముందు దాన్నే చూశాను. మెత్తటి బూడిదరంగు ముద్ద, వేళ్ళతో రుద్దితే కాటుకలా అంటుకుంటోంది. అది మామూలు అరుగుదలే. పెచ్చులో, మెరిసే రవ్వలో ఉండుంటే మెకానిక్ మాటే విని గేర్‌బాక్స్ దింపించేవాణ్ణి.

ఆయిల్ విషయంలో 'అన్నిటికీ సరిపోతుంది' అని రాసిన డబ్బాలను పక్కన పెట్టి, మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్‌నే పట్టుకున్నాను. లాకప్ క్లచ్ ఎంత జారాలి, ఎంత పట్టాలి అన్నది ఆ ఆయిల్‌ను చూసే లెక్క కడతారు. ఇంకోటి, లెవెల్. తీసింది కొలత సీసాలో కొలిచి సరిగ్గా అంతే పోశాను, తర్వాత ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, లివర్‌ను అన్ని గేర్లలోంచి ఒకసారి తిప్పి పార్క్‌లో పెట్టి డిప్‌స్టిక్ చూశాను. చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ చూపిస్తుంది, మనం ఎక్కువ పోసేస్తాం. ఎక్కువైతే తిరిగే భాగాలు నూనెను చిలికి నురగ చేస్తాయి, నురగకు ఒత్తిడీ నిలవదు, వేడీ దిగదు. డిప్‌స్టిక్ లేని బండ్లలో ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర పక్క ప్లగ్ విప్పి చూడాలి, అది ఇంటి పని కాదు.

రెండో మార్పు తర్వాత వణుకు తగ్గింది. మూడో మార్పు తర్వాత వెతికినా దొరకలేదు.

మిగిలింది కొండ. స్విచ్ మార్చాక, ఆయిల్ మార్చాక, అదే ఘాట్ రోడ్డు మళ్ళీ ఎక్కి చూశాను. మార్చకముందు ఒకసారి సగం దూరం ఎక్కి 121 చూసి భయపడి ఆగిపోయాను. ఇప్పుడు 108. మెరుగే గానీ చాలదు, పైగా ఇది పాన్‌లో ఉన్న సెన్సర్ చెప్పే అంకె. కన్వర్టర్‌లోంచి బయటికొచ్చే నూనె ఇంకా బాగా వేడిగా ఉంటుంది. హెయిర్‌పిన్ మలుపుల్లో వేగం చాలక లాకప్ పడదు, కన్వర్టర్ జారుతూనే లాగాలి. అక్కడ స్విచ్ చేసే సాయం ఏమీ లేదు.

అందుకే అదనపు కూలర్ పెట్టించాను. కంపెనీ కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది, గేర్‌బాక్స్ నూనె ఆ కూలెంట్‌లో మునిగిన గొట్టంలోంచి పోయి వస్తుంది. దాన్ని తీసేయలేదు. నూనె ముందు రేడియేటర్‌లోంచి వచ్చి, తర్వాత కొత్త కూలర్‌లోంచి పోయి గేర్‌బాక్స్‌కు చేరేట్టు రిటర్న్ లైనులో కలిపించాను. చల్లటి పొద్దున ఆ రేడియేటరే నూనెను త్వరగా వెచ్చబెడుతుంది, అదీ కావాలి. మరీ చల్లటి నూనె చిక్కగా ఉంటుంది, చాలా బండ్లలో ఆయిల్ ఓ స్థాయికి వెచ్చబడేదాకా కంప్యూటర్ లాకప్ ఇవ్వదు. కాబట్టి వీలైనంత పెద్ద కూలర్ పెట్టేస్తే మంచిదనుకోవడం పొరపాటు. నాది మధ్యరకం సైజు, నూనె చల్లగా ఉంటే పక్కదారిన పంపే థర్మోస్టాట్ ఉన్నది. పెట్టేటప్పుడు నేను పట్టుబట్టింది హోసు గురించి ఒక్కటే. పెట్రోలు గొట్టం పెడతానంటే ఒప్పుకోలేదు, వేడి గేర్‌బాక్స్ నూనె కోసం చేసిన రకమే వేయించాను. అది ఊడితే నిమిషాల్లో నూనెంతా రోడ్డు పాలు.

విప్పినప్పుడు రేడియేటర్‌ను కూడా గట్టిగా పరీక్ష చేయించాను. లోపలి గొట్టం పగిలి కూలెంటూ నూనే కలిస్తే ఆయిల్ గులాబీరంగు పాలలా అవుతుంది. ఆ నీళ్ళు తగిలిన ప్లేట్ల మీది పట్టీ ఉబ్బి జిగురు వదిలేస్తుంది. దానికి ఆయిల్ మార్పులతో విరుగుడు లేదు.

కూలర్ తర్వాత అదే కొండ, అంతే బరువు: 97.

ఈ పనులన్నిటి మధ్యలో ఒకసారి లాకప్‌కు సొంత స్విచ్ పెట్టుకుందామన్న ఆలోచన కూడా వచ్చింది, నాకు కావాల్సినప్పుడు నేనే పట్టించేలా. పాత బండ్లకు కొందరు పెట్టుకుంటారు. వద్దనుకున్నాను. తక్కువ ఆర్‌పీఎంలో, పూర్తి బరువు మీద ఆ చిన్న క్లచ్‌ను బలవంతంగా పట్టిస్తే అది జారి కాలుతుంది. దాన్ని వదలడం మర్చిపోయి బ్రేకు కొట్టి ఆపితే ఇంజిన్ ఆగిపోతుంది. ఏడాదిపాటు బ్రేకు స్విచ్ పోయిందని తెలుసుకోలేని మనిషి చేతికి ఇంకో స్విచ్ ఇవ్వడం మంచిది కాదు.

దానికి బదులు కాలుతో చేసుకుంటున్నాను. తెర మీద అంకెలు చూస్తూ నడిపితే రెండు నెలల్లో వంటబట్టింది. లాకప్ పడబోయే వేగం దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే ముందే పడుతుంది, తర్వాత మెల్లగా తొక్కితే అలాగే ఉంటుంది. గట్టిగా తొక్కితే వదిలేస్తుంది. చిన్న ఎత్తుల్లో నాలుగో గేరుకూ మూడోదానికీ మధ్య ఊగిసలాడుతుంటే, నాలుగో గేరు పడకుండా ఓవర్‌డ్రైవ్ ఆపేస్తాను. నా బండి మూడో గేరులో కూడా లాకప్ ఇస్తుంది. ఇంజిన్ కాస్త గట్టిగా అరుస్తుంది గానీ ఆయిల్ ఏడెనిమిది డిగ్రీలు చల్లబడుతుంది. చెవికి తప్పుగా అనిపించేది నూనెకు మేలని నమ్మడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఎత్తు మీద ట్రాఫిక్‌లో బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో ఆపి పట్టుకునే అలవాటు ఉండేది నాకు. అది పూర్తిగా మానేశాను. చక్రం తిరగడం లేదంటే ఇంజిన్ ఇచ్చిన ప్రతి వాటూ నూనెలోకే. ఇప్పుడు బ్రేకు తొక్కి పట్టుకుంటాను. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ వేయాలా వద్దా అని అడిగేవాళ్ళున్నారు. నిమిషం లోపు ఆగేదానికి నేను వేయను, ప్రతిసారీ క్లచ్‌ను వదిలి పట్టించడం కూడా అరుగుదలే. రైల్వే గేటు దగ్గరయితే వేస్తాను. కొండెక్కాక వెంటనే ఇంజిన్ ఆపను. పార్క్‌లో రెండు మూడు నిమిషాలు నడవనిస్తే కన్వర్టర్‌లో జారుడు ఉండదు గానీ పంపు నూనెను కూలర్‌లోకి తిప్పుతూనే ఉంటుంది. తెర మీద 97 నుంచి 90 దాకా దిగడం కూర్చుని చూడొచ్చు.

మెకానిక్ దగ్గరికి తిరిగి వెళ్ళి తీసిన స్విచ్ చూపించాను. చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, ఓ క్షణం ఆగి, "క్రూజ్ పనిచేయట్లేదని నాకు చెప్పలేదు సార్ మీరు" అన్నాడు. నిజమే. వాసన గురించి, రివర్స్ గురించి చెప్పాను, అది చెప్పలేదు.

ఇదంతా జరిగి ఏడాదిన్నర అయింది. మూడు నుంచి రెండుకు మారేటప్పుడు వచ్చే ఆ రొద మళ్ళీ రాలేదు. ఆయిల్ మొన్న కాగితం మీద తుడిచి చూస్తే ఇంకా ఎర్రగానే ఉంది. రివర్స్ మాత్రం పూర్తిగా కుదరలేదు. ఆ ఏడాదిలో గట్టిపడిన సీళ్ళు కొత్త నూనె పోస్తే మెత్తబడవు కదా. పొద్దున చల్లటి బండిలో లివర్ ఆర్‌లో వేసి, కాలు బ్రేకు మీదే ఉంచి, మనసులో ఒకటిన్నర లెక్కపెడతాను. చిన్న కుదుపు తగిలాక కాలు తీస్తాను. అది రెండున్నరకు చేరిన రోజు బండి తీసుకెళ్ళి ఆయనకు అప్పగించి, దింపమని నేనే చెబుతాను.